ఫ్యాక్టరీ మోత, రైలింజన్ రొద: మొసొలోవ్, హొనెగ్గర్‌లలో సంగీతం ఎక్కడుంది?

రాగసుధ_72
నిన్న రాత్రి యూట్యూబ్‌లో బాఖ్ వింటూ పడుకున్నా. అది అయిపోయి, ఆటోప్లే దానంతటదే మొసొలోవ్ అనే రష్యన్ ఆయన 'ఐరన్ ఫౌండ్రీ'కి వెళ్లింది. ఉలిక్కిపడి లేచా. మొత్తం నాలుగు నిమిషాల లోపే, కానీ అందులో ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు. ఒకటే గుద్దుడు. పైగా ఇనుప రేకు ఒకటి పట్టుకుని ఊపుతున్నారు, నిజం రేకే. కింద కామెంట్లలో మాత్రం అందరూ మాస్టర్‌పీస్ అంటూ దండాలు పెడుతున్నారు. నేను కర్ణాటక సంగీతంతో పాటు బీథోవెన్, బ్రామ్స్ కూడా ఇష్టంగానే వింటాను. 1920లు వచ్చేసరికి వీళ్లకి ఈ మిషన్ల పిచ్చి ఎందుకు పట్టుకుంది? ఇందులో వినాల్సింది ఏమైనా ఉందా? సీరియస్‌గానే అడుగుతున్నా. సరే, కొంచెం వెటకారం కూడా ఉంది.

ఊరికే_చూస్తుంటా
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

కోడ్_కుమార్
రేకు ఊపడం స్కోరులో (ఎవరేం వాయించాలో రాసిన కాగితాల్లో) ఉన్నదే అండీ, ఎవరో సరదాకి చేసింది కాదు. ఇంకో తమాషా చూడండి, చివర్లో హార్న్ (మెలికలు తిరిగిన ఇత్తడి బూర) వాయించేవాళ్లు లేచి నిలబడి వాయించాలని కూడా అందులోనే ఉంది.

ఫర్నేస్_ప్రసాద్
రాగసుధ గారూ, మీకు నాలుగు నిమిషాలకే తలనొప్పి వచ్చింది. నేను విశాఖలో రోలింగ్ మిల్లులో షిఫ్టులు చేసినవాణ్ణి. చెవులకి మఫ్స్ పెట్టుకున్నా ఇంటికొచ్చాక టీవీ సౌండ్ పెంచుకుని చూసేవాణ్ణి, ఇంట్లోవాళ్లు తిట్టేవాళ్లు. ఫ్యాక్టరీలో ఒక్క పూట కూడా పని చేయనివాళ్లకే ఫ్యాక్టరీలో సంగీతం వినిపిస్తుందని నా అభిప్రాయం.

శబ్దభేది
ప్రసాద్ గారి మాట కాదనను గానీ కాలం కూడా చూడాలి. ఆ ముక్క మొదటిసారి వాయించింది 1927 డిసెంబర్‌లో మాస్కోలో. అక్టోబర్ విప్లవానికి పదేళ్లు నిండిన సందర్భం. అప్పటి సోవియట్ వాళ్లకి ఫ్యాక్టరీ అంటే రాబోయే మంచి రోజులు. నిజానికి అది 'ఉక్కు' అనే బ్యాలే కోసం రాసింది. బ్యాలేలోంచి కూర్చిన సూట్ (ముక్కల వరస)లో మిగతా భాగాలు పోయాయి, ఇదొక్కటే మిగిలింది. ఫ్యాక్టరీని ఆకాశానికెత్తిన ఆ మనిషిని ఆ ప్రభుత్వమే ఏం చేసిందో తెలుసా? 1936లో సంగీతకారుల సంఘం నుంచి గెంటేశారు. 1937లో అరెస్టు చేసి ఎనిమిదేళ్ల శిక్ష వేసి క్యాంపుకి పంపారు. గురువులు గ్లియేర్, మియాస్కోవ్‌స్కీ ఉత్తరం రాస్తే 1938లో వదిలారు. ఆ తర్వాత ఆయన మళ్లీ అలాంటిది రాయలేదు. జానపద బాణీలు సేకరించుకుంటూ బతికాడు.

రాగసుధ_72
అయ్యో. ఆయన కథ విని బాధేసింది. కానీ కథ విని జాలిపడితే ముక్క బాగైపోదు కదా. నా ప్రశ్న అలాగే ఉంది.

మృదంగం_మాస్టారు
ప్రశ్న న్యాయమైనదే. మొసొలోవ్‌ని పక్కన పెట్టండి, ముందు హొనెగ్గర్ అనే స్వరకర్త 'పసిఫిక్ 231' వినండి. 1923లో రాశాడు, మరుసటి ఏడు పారిస్‌లో కూసెవిట్స్కీ అనే కండక్టర్ వాయింపించాడు. ఆరేడు నిమిషాలు. రైలింజన్ ఆగి ఉండటం, బయలుదేరడం, వేగం అందుకోవడం, చివర్లో బ్రేకు. వినేటప్పుడు చేత్తో తాళం వేసుకుంటూ వినండి. అప్పుడొక వింత తెలుస్తుంది.

మనకి సరళీ వరుసలు మూడు కాలాల్లో చెప్పుకునే అలవాటుంది. తాళం దెబ్బ అదే నడకలో ఉంటుంది, దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. వినేవాడికి వేగం పెరిగినట్టుంటుంది, తాళం మాత్రం కదలదు. హొనెగ్గర్ ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. దెబ్బకి పడే స్వరాల సంఖ్య పెంచుకుంటూ పోతాడు, మధ్యలో తిస్రం (దెబ్బకి మూడు స్వరాల లెక్క) కూడా దూరుతుంది. అదే సమయంలో తాళాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తాడు! అంటే రైలు పరుగెడుతున్నట్టు మీకు అనిపిస్తుంది, ఆర్కెస్ట్రాని నడిపే కండక్టర్ చెయ్యి మాత్రం నెమ్మదిస్తూ ఉంటుంది. మా శిష్యులకి వినిపించి తాళం వేయమన్నాను. సగం దాటాక ఒక్కరి చెయ్యీ నిలబడలేదు. ఇంజన్ చప్పుడు ఎవరైనా అనుకరిస్తారు. ఇంజన్ బరువు ఇలా లెక్కతో పుట్టించడం అందరికీ చేతకాదు.

కోడ్_కుమార్
మాస్టారూ, ఇది అదిరింది. ఇప్పుడే పెట్టుకుని టేబుల్ మీద కొట్టుకుంటున్నా. పక్క సీటు అమ్మాయి అనుమానంగా చూస్తోంది.

బిట్రగుంట_బాబు
231 అంటే మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన లెక్క. ఫ్రెంచి వాళ్లు ఇరుసులు లెక్కపెడతారు: ముందు 2, మధ్యలో నడిపే పెద్ద చక్రాలవి 3, వెనక 1. మన రైల్వేలో చక్రాలు లెక్కపెట్టి అదే ఇంజన్ని 4-6-2 అంటారు. ఆ అమరికకి పసిఫిక్ అని పేరు. మన డబ్ల్యూపీ ఇంజన్ ఉంది చూశారూ, ముందు గుండ్రటి ముక్కు, దాని మీద నక్షత్రం, అదీ పసిఫిక్కే. 1947 నుంచి వచ్చాయి. మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు లాగింది అవే. మా నాన్న బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్.

రాగసుధ_72
బాబు గారూ, మరి మీరు విన్నారా? ఇంజన్ లాగానే ఉందా?

బిట్రగుంట_బాబు
విన్నా. నాన్నకీ వినిపించా, ఆయన విమర్శ ఇదిగో. మొదట్లో ఆగి ఉన్నప్పుడు వయొలిన్లు సన్నగా పై స్థాయిలో ఈల వేసినట్టు ఉంటాయి కదా, అది భేష్ అన్నాడు. ప్రెషర్ నిండుగా ఉన్న ఇంజన్ ఊరికే నిలబడదు, ఎక్కడో ఒకచోట ఆవిరి బుసకొడుతూనే ఉంటుంది. బయలుదేరడం కూడా బాగుందన్నాడు.

తర్వాత మాత్రం ఒప్పుకోలేదు. రెండు సిలిండర్ల ఇంజన్‌కి చక్రం ఒక చుట్టు తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగు దెబ్బలు. బయలుదేరేటప్పుడు రివర్సర్ (ఆవిరి ఎంత వెళ్లాలో సర్దే పిడి) పూర్తిగా ముందుకి పెడతారు, ఆవిరి నిండా వెళ్తుంది, అందుకే ఆ మొదటి దెబ్బలు గుండెల్లో పడతాయి. స్పీడు అందుకున్నాక డ్రైవర్ రివర్సర్ని వెనక్కి లాక్కుంటూ వస్తాడు, ఆవిరి పొదుపు. అప్పుడు దెబ్బలు దగ్గరదగ్గరగా, తేలిగ్గా పడతాయి. ఒక స్పీడు దాటాక దెబ్బలు విడివిడిగా వినపడవు కూడా. హొనెగ్గర్ బండేమో స్పీడు పెరిగేకొద్దీ ఇంకా బరువెక్కుతోంది. 'వీడెవడో బొగ్గు తగలేస్తున్నాడురా' అన్నాడు నాన్న.

ఫర్నేస్_ప్రసాద్
ఈ థ్రెడ్‌లో ఇదే బెస్ట్ సంగీత సమీక్ష. నాన్నగారికి నా నమస్కారాలు.

మృదంగం_మాస్టారు
బాబు గారూ, నాన్నగారి చెవికి దండం. అయితే హొనెగ్గర్ తన తరఫున చెప్పుకున్నది కూడా వినాలి. ఇంజన్ చప్పుడు అనుకరించడం నా ఉద్దేశం కాదు అన్నాడు. వేగం పెరుగుతున్న భ్రమని గణితంలా కట్టాలన్నది ఆలోచన. ముందు 'సింఫనిక్ కదలిక' అని మాత్రమే పేరు పెట్టాడు, ఇంజన్ పేరు తర్వాత తగిలించాడు. బాఖ్ చేసే పెద్ద కోరల్ (చర్చి కీర్తన బాణీ) పద్ధతిని మనసులో పెట్టుకుని కట్టానన్నాడు.

బిట్రగుంట_బాబు
పేరు తర్వాత పెడితే, మొదట్లో ఆ బుసలు ఎక్కడినుంచి వచ్చాయండీ? చివర్లో బ్రేకులు ఎవరు వేశారు? లోకోమోటివ్‌లంటే ప్రాణమని కూడా ఆయనే చెప్పుకున్నాడు. 300 టన్నుల రైలు రాత్రిపూట గంటకి 120 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోవడం గురించి ముందుమాటలో రాసిందీ ఆయనే. పెద్దవాళ్లు రెండూ చెప్తారు.

జ్యూరిక్_జానకి
హొనెగ్గర్ పేరు చూసి వచ్చా. ఫ్రాన్స్‌లో పుట్టిన స్విస్ మనిషి. ఇక్కడి 20 ఫ్రాంకుల నోటు మీద చాలాకాలం ఆయన బొమ్మే ఉండేది, వెనకవైపు రైలింజన్ చక్రం! 1996లో వచ్చిన ఎర్ర నోటు. 2021లో చెలామణి ఆపేశారు. నేనొకటి దాచుకున్నా, మా ఆయన 'దాంతో రెండు కాఫీలు వచ్చేవి' అని సతాయిస్తుంటాడు.

ఊరికే_చూస్తుంటా
జానకి అక్కా, జ్యూరిక్‌లో 20 ఫ్రాంకులకి రెండు కాఫీలు వస్తాయా? సంగీతం సంగతి తర్వాత, ముందు ఇది తేల్చండి.

జ్యూరిక్_జానకి
వస్తాయి తమ్ముడూ, మూడు అడిగితేనే కష్టం.

కోడ్_కుమార్
అందరూ రైలు దగ్గరే ఆగిపోయారు. జార్జ్ ఆంథైల్ 'బ్యాలే మెకానిక్' గురించి చెప్పుకోవాలి కదా! అమెరికన్ కుర్రాడు, పారిస్‌లో ఉండి రాశాడు. ఆటోమేటిక్‌గా వాయించుకునే 16 పియానోలు, విమానం ప్రొపెల్లర్లు, కరెంటు గంటలు, సైరన్. 1927 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పెట్టారు. ప్రొపెల్లర్ గాలికి జనం చేతుల్లో కాగితాలు ఎగిరిపోయాయి. సైరన్ మోగాల్సిన చోట మోగలేదు. అంతా అయిపోయాక, జనం లేచి వెళ్లిపోతుంటే అప్పుడు మొదలెట్టింది. ఆపుదామన్నా ఆగలేదు.

ఇంకా పెద్ద విషయం. ఇదే ఆంథైల్, హాలీవుడ్ హీరోయిన్ హెడీ లమార్ కలిసి మన వైఫై కనిపెట్టారు! పియానో రోల్స్ (ఆటోమేటిక్ పియానోలని నడిపే చిల్లుల కాగితం చుట్టలు) ఐడియాతోనే.

శబ్దభేది
కుమార్, మొదటి సగం బాగా చెప్పావు. రెండోది వాట్సాప్ వెర్షన్. 1942లో వాళ్లిద్దరికీ పేటెంట్ వచ్చిన మాట నిజం. రేడియోతో నడిపే టార్పెడోని శత్రువు జామ్ చేయకుండా, పంపేచోట, అందుకునేచోట ఒకేసారి ఫ్రీక్వెన్సీ మారుతూ ఉండాలి. రెండువైపులా ఒకేలా చిల్లులు పొడిచిన కాగితం చుట్టలు తిప్పి ఆ పని చేయిద్దామన్నారు. ఫ్రీక్వెన్సీలు 88, పియానో మెట్ల లెక్కకి సరిగ్గా సరిపోయేలా. నేవీ అప్పట్లో దాన్ని వాడలేదు. ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన వీళ్లకంటే ముందూ ఉంది. వైఫై కనిపెట్టారనడం మాత్రం చాలా దూరం పోవడమే.

కోడ్_కుమార్
బ్లూటూత్‌లో ఫ్రీక్వెన్సీ హాపింగ్ ఉంది కదా అన్నా. మరీ వాట్సాప్ అనకు.

శబ్దభేది
ఉంది. చుట్టరికం ఉంది, తండ్రి మాత్రం కాదు. నాకు ఇందులో నచ్చేది వేరే. 16 పియానోలని ఒకే లయలో పెట్టలేక ఆంథైల్ విసిగిపోయాడు. అప్పటి మెకానిక్ పరిజ్ఞానంతో కుదిరే పని కాదు. చివరికి ఒక్క ఆటోమేటిక్ పియానో, మిగతావి మనుషులు వాయించేలా మార్చుకున్నాడు. ఆయన మొదట రాసినట్టు 16 పియానోలతో వినడం 1999లో గానీ కుదరలేదు, అదీ కంప్యూటర్ పెట్టి నడిపితేనే. పాట యంత్రం గురించి, కానీ దాన్ని వాయించే యంత్రం డెబ్భై ఏళ్లకి పైగా ఆలస్యంగా వచ్చింది.

ఫర్నేస్_ప్రసాద్
మెయింటెనెన్స్ వాళ్లకి ఇవన్నీ మామూలే. డ్రాయింగ్ ఇచ్చేవాడు ఇచ్చేసి పోతాడు, తిప్పలు షాప్‌ఫ్లోర్ వాళ్లవి.

వరంగల్_వాణి
సైరన్ అనగానే ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో గడియారం చూసేది కాదు, ఆజంజాహి మిల్లు సైరన్ బట్టే అన్నం వార్చేది. ఊరంతటికీ అదే టైము. దాన్ని సంగీతం అని ఎవరూ అనుకోలేదు కానీ మిల్లు మూతపడ్డాక పొద్దున్నే ఏదో తక్కువైనట్టు ఉండేదని చెప్పేది.

శబ్దభేది
వాణి గారూ, ఊరి సైరన్లన్నీ కలిపి సింఫనీ చేసినవాడు ఒకడున్నాడు. అవ్రామోవ్. 1922 నవంబర్ 7న బాకు పట్నంలో. రేవులో ఓడల హారన్లు, ఫ్యాక్టరీ సైరన్లు, రైలింజన్ల కూతలు, ఫిరంగులు, బృందగానం. ఎత్తైన టవర్ ఎక్కి జెండాలు ఊపుతూ నడిపించారు. ఆవిరి ఈలలు శ్రుతి చేసి బిగించిన ప్రత్యేక వాయిద్యం కూడా ఉండేది.

రాగసుధ_72
ఫిరంగులకి శ్రుతి ఎవరు చూశారో!

బిట్రగుంట_బాబు
ఇంజన్ కూతకి మాత్రం శ్రుతి ఉంటుందండీ. మా వీధిలో పెద్దవాళ్లు కూత విని ఫలానా బండి వచ్చిందని చెప్పేసేవాళ్లు. కొన్నిసార్లు డ్రైవర్ ఎవరో కూడా. లాగే పద్ధతిలో తేడా ఉండేది.

మృదంగం_మాస్టారు
అదీ! ఒకే ఈల, మనిషిని బట్టి మారుతోంది. ఇది విన్నాక నాకు యంత్రం సంగీతం మీద అనుమానం పోయింది.

ఫర్నేస్_ప్రసాద్
మాస్టారూ, నాకు పోలేదు. మొసొలోవ్ ముక్క ఇప్పుడే మూడోసారి విన్నా, మీ అందరి కోసం. ఒకటి ఒప్పుకుంటా: కట్టిన తీరు తెలివైనది. ఒక్కో వాయిద్యాల గుంపు ఒక్కో చిన్న ముక్క పట్టుకుని అదే తిప్పుతూ ఉంటుంది, ఒకటి పెద్ద చక్రం, ఒకటి చిన్న చక్రం, వాటి మీద హార్న్‌లు పెద్ద గొంతుతో పాడతాయి. పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టే ఉంది. కానీ ఫ్యాక్టరీలో అన్నింటికంటే భయపెట్టే చప్పుడు ఇందులో లేదు. రోజూ మోగేది ఉన్నట్టుండి ఆగిపోవడం. లైన్ ఆగిందంటే ఎక్కడో ఏదో అయినట్టే. అప్పుడు అందరం ఒకరి మొహాలొకరం చూసుకుంటాం. విప్లవం ఫ్యాక్టరీలో బ్రేక్‌డౌన్ ఉండదేమో!

శబ్దభేది
ప్రసాద్ గారూ, మీకు లిగెటి పనికొస్తాడు. హంగరీ మనిషి, 1962లో వంద మెట్రోనోమ్‌ల కోసం ఒకటి రాశాడు. సంగీతం నేర్చుకునేవాళ్లు లయ కోసం పెట్టుకునే ఆ టిక్ టిక్ పెట్టెలే. వందకీ కీ ఇచ్చి, రకరకాల వేగాల్లో పెట్టి వదిలేస్తారు. మొదట్లో వాన హోరు లాంటి గందరగోళం. కీ అయిపోయినవి ఒక్కొక్కటే ఆగిపోతుంటే లోపల లయలు బయటపడతాయి. చివరికి ఒక్కటి మిగులుతుంది, తర్వాత అదీ ఆగిపోతుంది. అంటే యంత్రం ఆగిపోవడమే అక్కడ సంగీతం. 1963లో హాలండ్‌లో వాయించినప్పుడు టీవీలో చూపించాల్సింది, ఆపేసి ఫుట్‌బాల్ మ్యాచ్ వేశారు.

ఊరికే_చూస్తుంటా
ఆ టీవీ వాళ్ల నిర్ణయానికి నా పూర్తి మద్దతు.

ఫర్నేస్_ప్రసాద్
ఆ లిగెటి వినాలి. ఇది నాకు అర్థమయ్యే భాష.

వరంగల్_వాణి
ఒక సందేహం. ఆర్కెస్ట్రాతో రైలు చప్పుడు చేయడం ఎందుకు, రైలునే రికార్డు చేసి వినిపించవచ్చు కదా?

శబ్దభేది
చేశారు. పియేర్ షెఫర్, ఫ్రెంచ్ రేడియో ఇంజనీరు. 1948లో పారిస్ బతిన్యోల్ స్టేషన్‌కి వెళ్లి ఇంజన్లని రికార్డు చేసి, ఆ ముక్కలని తిప్పి, అతికి, మూడు నిమిషాల చిల్లర 'రైల్వే ఎట్యూడ్' (ఎట్యూడ్ అంటే అభ్యాసం కోసం రాసే ముక్క) చేశాడు. అప్పటికి టేపు కూడా కాదు, గ్రామఫోన్ డిస్కులతోనే. గాడి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చేలా కోసి, ఒకే చప్పుడు ఎంతసేపైనా మోగేలా చేసుకున్నాడు. ఈనాటి లూపులు, శాంప్లింగ్ లాంటివాటికి ఇది ముందు అడుగు.

బిట్రగుంట_బాబు
ఇది నాన్నకి నచ్చుతుంది. అసలు సరుకు.

మృదంగం_మాస్టారు
నాకు నచ్చలేదు. విన్నాను. చప్పుడు అసలుదే, కానీ రైలు ఎక్కడికీ వెళ్లదు. హొనెగ్గర్ బొగ్గు తగలేసినా బండి కదిలింది.

జ్యూరిక్_జానకి
రైలు అనగానే అందరం ముచ్చటగా మాట్లాడుకుంటున్నాం కానీ స్టీవ్ రైక్ 'డిఫరెంట్ ట్రైన్స్' ఒకటి ఉంది, 1988లోది. ఆయన అమెరికాలో యూదుల ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు అమ్మ ఒక ఊళ్లో, నాన్న ఒక ఊళ్లో. న్యూయార్క్‌కీ లాస్ ఏంజెలెస్‌కీ మధ్య రైళ్లలో తిరిగాడు, 1939 నుంచి 42 దాకా. అవే ఏళ్లలో యూరప్‌లో ఉండి ఉంటే తను ఎక్కాల్సిన రైళ్లు వేరే అని పెద్దయ్యాక తట్టింది. ఆ మారణహోమం నుంచి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డుల్లో వినిపిస్తాయి. వాళ్లు మాట్లాడిన స్వరాన్నే వయొలిన్లు, వయోలా, చెల్లో పట్టుకుని వాయిస్తాయి. కింద రైలు నడక ఆగదు. నేను రెండోసారి వినలేకపోయాను.

రాగసుధ_72
ఇది వింటాను జానకి గారూ. రాత్రిపూట మాత్రం వినను.

కోడ్_కుమార్
మన దేశంలో ఇలాంటివి చేసినవాళ్లు ఉన్నారా ఎవరైనా?

శబ్దభేది
యంత్రం మీద సంగీతం సంగతేమో గానీ, యంత్రంతో చేసినవాళ్లు ఉన్నారు. 1969లో అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో మూగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) పెట్టారు, అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి బిగించి నేర్పాడు. గీతా సారాభాయ్ లాంటివాళ్లు దాని మీద పనిచేశారు. ఆ టేపులు అక్కడి ఆర్కైవ్‌లో దశాబ్దాల పాటు పడి ఉన్నాయి, ఈమధ్యే బయటికొచ్చాయి. వెతికితే దొరుకుతాయి.

మృదంగం_మాస్టారు
లయ ఇష్టపడేవాళ్లకి నా చివరి సిఫార్సు నాంకారో. అమెరికాలో పుట్టి, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడి, ఆ రాజకీయాల వల్లే తర్వాత మెక్సికోలో స్థిరపడ్డాడు. మనుషులు వాయించలేని లయలు రాసుకున్నాడు. వాయించేవాళ్లని బతిమాలడం మానేసి ఆటోమేటిక్ పియానో కొనుక్కున్నాడు, కాగితం మీద ఒక్కో చిల్లు చేత్తో పొడిచాడు. కొన్ని నిమిషాల సంగీతానికి నెలలు పట్టేది. 21వ స్టడీ వినండి. రెండు గొంతులు. ఒకటి నెమ్మదిగా మొదలై వేగం అందుకుంటూ పోతుంది, రెండోది వేగంగా మొదలై నెమ్మదిస్తుంది. మధ్యలో ఒక చోట ఎదురుపడి దాటుకుంటాయి. ఏ తాళంలో వేయాలో నాకు ఇప్పటికీ చేతకాలేదు. రెండు చేతులకి రెండు మనసులు కావాలి.

రాగసుధ_72
మాస్టారూ, పసిఫిక్ 231 తాళం వేస్తూ రెండుసార్లు విన్నా. మీరు చెప్పిన చోట నిజంగానే చెయ్యి తప్పింది. ఇది సంగీతమే, ఇంక వాదించను. మొసొలోవ్ విషయంలో మాత్రం ప్రసాద్ గారి పక్షమే. నాంకారో రేపు.

వరంగల్_వాణి
హెలికాప్టర్ల గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నలుగురు నాలుగు హెలికాప్టర్లలో కూర్చుని వయొలిన్ వాయించారని ఎక్కడో చూశా. జోకా నిజమా?

శబ్దభేది
నిజమే. స్టాక్‌హౌసెన్ అనే జర్మన్, 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఇద్దరు వయొలిన్, ఒకరు వయోలా, ఒకరు చెల్లో, తలా ఒక హెలికాప్టర్. రెక్కల చప్పుడూ వాయిద్యాలూ కలిపి కింద హాల్లో స్పీకర్లలో వినిపించారు, మనుషులని తెర మీద చూపించారు.

బిట్రగుంట_బాబు
నాలుగు హెలికాప్టర్లా! అద్దె ఎవరు కట్టారు?

శబ్దభేది
అద్దె కాదు బాబు గారూ, డచ్ వైమానిక దళం వాళ్లవి.

ఫర్నేస్_ప్రసాద్
అంటే పన్నులు కట్టినవాళ్లు. పోనీలెండి, మన దగ్గర మంత్రిగారి పూలజల్లుకి ఎగిరే వాటికంటే నయమే, కనీసం చెల్లో అయినా వినపడింది.